మాత్రల లెక్క ఎవరు రాస్తున్నారు?

"మెదడులో గడ్డ వచ్చే ప్రమాదం 7 రెట్లు!" పోయిన నెల మా బాబాయి కూతురు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇంతే. పక్కన ఒక మాత్ర పేరు, దాని చుట్టూ ఎర్ర గీత. కింద తన మెసేజ్: "అన్నయ్యా, నేను వేసుకునేది ఇదే కదా? నిన్నటి నుంచి మానేశా. చూసి చెప్పు."

తను బీటెక్ మూడో సంవత్సరం. మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు, పీరియడ్స్ ఎప్పుడొస్తాయో తెలీకపోవడం... అన్నీ కలిపి పీసీఓడీ అని చెప్పి డాక్టర్ రాసిన మాత్ర ఏడాదిన్నరగా వాడుతోంది. నేనేమో కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ "వాడు కంప్యూటర్ చదివాడు, వాడికి తెలుస్తుంది" అనే నమ్మకం మా ఇంట్లో ప్రింటర్ దగ్గర్నుంచి ప్రొలాక్టిన్ దాకా దేనికైనా పనిచేస్తుంది. ముందు "మానెయ్యడం గురించి, మొదలెట్టడం గురించి నన్నడక్కు, రాసినావిడకి ఫోన్ చెయ్" అని చెప్పి, తర్వాత రెండు వారాంతాలు కూర్చుని ఆ 7 రెట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతికాను.

ఆ మాత్రలో ఉన్న మందు పేరు సైప్రోటెరోన్ అసిటేట్. యాంటీ ఆండ్రోజెన్ అంటారు. ఆండ్రోజెన్స్ అంటే మనం మగ హార్మోన్లు అని పిలిచేవి. ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉంటాయి, కాకపోతే తక్కువ. అవి కణం లోపల ఉండే రిసెప్టర్ అనే సీట్లో కూర్చుంటేనే పని జరుగుతుంది. ఈ మందు ముందే వెళ్ళి ఆ సీటు మీద కర్చీఫ్ వేసేస్తుంది. ఆర్టీసీ బస్సులో మనం కిటికీలోంచి వేస్తామే, అలాగే. హార్మోన్ వచ్చి చూసుకుని నిలబడే ఉంటుంది. మొటిమలు తగ్గుతాయి, వెంట్రుకలు పలచబడతాయి.

అయితే ఈ మందు పుట్టింది దీనికోసం కాదు. 1960ల మొదట్లో బెర్లిన్‌లోని షేరింగ్ కంపెనీ వాళ్ళు ప్రొజెస్టెరోన్ లాంటి హార్మోన్ కోసం వెతుకుతున్నారు, అంటే గర్భానికి సంబంధించిన హార్మోన్. గర్భంతో ఉన్న ఎలుకలకి ఇచ్చి చూస్తే పుట్టిన మగపిల్లల్లో మగ లక్షణాలు సరిగ్గా రాలేదు. ఫ్రీడ్‌మండ్ నాయ్‌మన్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. ఓహో, ఇది మగ హార్మోన్‌ని అడ్డుకుంటోంది అని అలా తెలిసింది. కాబట్టి ఇది ఒకే పని చేసే మందు కాదు. ఒక చేత్తో మగ హార్మోన్‌ని ఆపుతుంది, రెండో చేత్తో ప్రొజెస్టెరోన్ పని గట్టిగా చేస్తుంది. గొడవంతా ఆ రెండో చేత్తోనే.

మెదడు చుట్టూ ఉండే పొరల్లో ఒక రకం గడ్డ వస్తుంది, మెనింజియోమా అంటారు. చాలావరకు కేన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది. కానీ పుర్రె లోపల ఖాళీ స్థలం ఎక్కడిది? ఆ గడ్డ కణాల్లో ప్రొజెస్టెరోన్ సీట్లు ఎక్కువ. ఆడవాళ్ళలో ఇది ఎక్కువ రావడానికి, గర్భంతో ఉన్నప్పుడు కొందరిలో పెరగడానికి కారణం అదే అని అనుమానం. 2008 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో న్యూరోసర్జన్ సెబాస్టియన్ ఫ్రోలిష్ బృందం, సైప్రోటెరోన్ ఏళ్ళ తరబడి వాడిన ఆడవాళ్ళలో ఇలాంటి గడ్డలు ఒకటి కాదు, రెండేసి మూడేసి కనిపిస్తున్నాయని చెప్పింది.

ఆ అనుమానాన్ని తేల్చింది 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. అలాన్ వెయ్, ఆయన సహచరులు 2007 నుంచి 2014 మధ్య ఈ మందు మొదలుపెట్టిన 2,53,777 మంది ఆడవాళ్ళ రికార్డులు తీశారు. మొదటి ఆరు నెలల్లో మొత్తం 3 గ్రాములు దాటినవాళ్ళు ఒకవైపు, దాటనివాళ్ళు ఇంకోవైపు. ఆపరేషనో రేడియేషనో అవసరమైన మెనింజియోమాలు ఎన్నని లెక్కపెట్టారు. మోతాదు దాటినవాళ్ళలో లక్ష మందికి ఏడాదికి దాదాపు 24. దాటనివాళ్ళలో 4.5. వయసూ అవీ సరిచేస్తే 6.6 రెట్లు. స్క్రీన్‌షాట్‌లో ఉన్న 7 రెట్లు ఇదే. మొత్తం 60 గ్రాములు దాటినవాళ్ళలో అయితే 21.7 రెట్లు.

ఇక్కడ కాసేపు ఆగి కాలిక్యులేటర్ తీయండి.

మా చెల్లి వేసుకునే మాత్రలో సైప్రోటెరోన్ 2 మిల్లీగ్రాములు. నెలకి 21 మాత్రలు, అంటే 42. ఏడాదికి 13 స్ట్రిప్పులు, అంటే 546. ఏడాదిన్నరకి కలిపి 820 మిల్లీగ్రాముల లోపే. ఇదే లెక్కన 3 గ్రాములు చేరాలంటే అయిదున్నరేళ్ళు. 60 గ్రాములు చేరాలంటే 110 ఏళ్ళు! ఫ్రాన్స్‌లో ఆ ఆడవాళ్ళు వాడింది 50 మిల్లీగ్రాముల మాత్ర. మా చెల్లి ఏడాదిన్నరలో మింగిన మందు వాళ్ళకి 17 మాత్రల్లో అయిపోతుంది. నెలకి 20 చొప్పున వేసుకుంటే అయిదేళ్ళకి 60 గ్రాములు.

పేరు ఒకటే, మందు ఒకటే. మోతాదు పాతిక రెట్లు తేడా. స్క్రీన్‌షాట్‌లో లేనిది ఆ ఒక్క ముక్కే.

యూరప్ మందుల సంస్థ 2020 ఫిబ్రవరిలో చెప్పింది కూడా ఇదే. రోజుకి 10 మిల్లీగ్రాములూ, అంతకు పైనా అయితే వేరే మందులు పనిచేయనప్పుడే వాడండి, అదీ వీలైనంత తక్కువ మోతాదులో అంది. 1, 2 మిల్లీగ్రాముల మాత్రలకి ఈ ప్రమాదం కనబడలేదు, అయినా మెనింజియోమా ఉన్నవాళ్ళూ, ఇంతకుముందు వచ్చినవాళ్ళూ అవీ వాడొద్దు అంది. ఇంకో మంచి మాట: ఫ్రాన్స్ లెక్కల్లో మందు ఆపేసి ఏడాదైనవాళ్ళలో ప్రమాదం 1.8 రెట్లకి దిగింది. చాలామందిలో మందు ఆపితే గడ్డ పెరగడం ఆగుతుంది, కొందరిలో చిన్నదవుతుంది కూడా.

నిజానికి మా చెల్లి భయపడాల్సింది వేరే దాని గురించి. ఈ మాత్రలో ఈస్ట్రోజెన్ కూడా ఉంటుంది కాబట్టి కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుంది. 2013లో ఫ్రాన్స్ ఈ రకం మాత్రని కొన్నాళ్ళు ఆపేసింది అందుకే, మెదడు గడ్డ కోసం కాదు. సిగరెట్ తాగేవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు కనబడి మైగ్రేన్ వచ్చేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి. "నిన్నెవరైనా అడిగారా ఇవన్నీ?" అంటే, "లేదన్నయ్యా, మొదటి స్ట్రిప్ తర్వాత మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు, షాపులో ఖాళీ స్ట్రిప్ చూపిస్తే ఇస్తారు" అంది. అదీ సంగతి.

ఇంతవరకూ మెదడు పొరల కథ. అసలు నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది రెండో గడ్డ, పిట్యూటరీ గడ్డ.

పిట్యూటరీని మన పుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నాం. ముక్కు మొదలుకి వెనకాల, బఠాణీ గింజంత ఉంటుంది. అది విడుదల చేసే హార్మోన్లలో ఒకటి ప్రొలాక్టిన్, బాలింతకి పాలు తెప్పించేది. మెదడులోంచి డోపమైన్ వచ్చి దానికి ఎప్పుడూ బ్రేక్ వేసి ఉంచుతుంది. ఈస్ట్రోజెన్ యాక్సిలరేటర్ తొక్కుతుంది. సైప్రోటెరోన్ కూడా ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆ హార్మోన్ తయారుచేసే కణాలే ఒక చోట గుంపుగా పెరిగితే ప్రొలాక్టినోమా. పీరియడ్స్ ఆగిపోతాయి, గర్భం లేకుండానే పాలు వస్తాయి, మగవాళ్ళలో కోరిక తగ్గుతుంది, గడ్డ పెద్దదైతే తలనొప్పి, పక్క చూపు తగ్గడం. హైవే మీద బండి నడిపేవాళ్ళకి పక్క చూపు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. అయితే చాలామందికి ఆపరేషన్ లేకుండా కాబెర్గోలిన్ అనే మాత్రలతోనే తగ్గుతుంది.

ఈ గడ్డ మీద పెద్ద లెక్క ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది, 2018లో, బ్రెయిన్ అనే పత్రికలో. అక్కడి ఆస్పత్రిలో హార్మోన్ చికిత్స తీసుకున్న 2,555 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు చూశారు. వాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి ఈస్ట్రోజెన్‌తో పాటు సైప్రోటెరోన్ ఇచ్చారు. 8 మందికి మెనింజియోమా, 9 మందికి ప్రొలాక్టినోమా వచ్చాయి. యూరప్ ఆడవాళ్ళలో మామూలుగా వచ్చేదానితో పోలిస్తే రెండూ నాలుగు రెట్లకి కాస్త పైన. మగవాళ్ళతో పోలిస్తే ప్రొలాక్టినోమా 26.5 రెట్లు.

26.5 రెట్లు అంటే గుండె గుభేల్మంటుంది. కానీ 2,555లో 9. ఇంకోటి కూడా చూడాలి: వీళ్ళకి ప్రొలాక్టిన్ పరీక్ష మాటిమాటికీ చేస్తారు. మీకూ నాకూ ఎవరు చేస్తారు? వెతికిన చోట బగ్స్ ఎక్కువ దొరుకుతాయి, టెస్టింగ్ టీమ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. కాబట్టి తొమ్మిదిలో మందు వల్ల ఎన్ని, ఎక్కువగా వెతకడం వల్ల ఎన్ని అన్నది విడదీయడం తేలిక కాదు.

టెస్టింగ్ టీమ్ అన్నాను కదా. అందులో నాకొక స్నేహితురాలుంది, ట్రాన్స్ మహిళ. ఆమె ఒప్పుకుంటేనే ఇది రాస్తున్నా. ఆమ్‌స్టర్‌డామ్ లెక్క చూపించి "నువ్వు ఎంత వాడావు?" అని అడిగితే లాప్‌టాప్ తిప్పి ఒక ఎక్సెల్ షీట్ చూపించింది. తేదీ, మందు, మోతాదు, ఎక్కడ కొన్నది, ఎలా ఉంది. అయిదు కాలమ్‌లు. మొదటి వరస 2020 నాటిది.

"మొదటి రెండేళ్ళు రోజుకి 50 వేసుకున్నా బ్రో. విజయవాడలో ఒక అక్క చెప్పింది, ఆమెకి ఇంకో అక్క చెప్పింది. డాక్టర్ ఎవరూ లేరు." కింద మొత్తం ఆటోమేటిక్‌గా పడింది: 36.5 గ్రాములు. తర్వాత హైదరాబాద్‌లో ఒక డాక్టర్ షీట్ చూసి నాలుగో వంతుకి దించారు. ఇప్పుడు బ్లేడుతో మాత్రని నాలుగు ముక్కలు చేసి వేసుకుంటోంది, రోజుకి 12.5. ఏడాదికి నాలుగున్నర గ్రాములు.

ఆ డాక్టర్ దించడానికి కారణం ఉంది. 2021లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 10, 25, 50, 100 మిల్లీగ్రాములు వాడినవాళ్ళని పోల్చారు. ఈస్ట్రోజెన్‌తో కలిపి వేసుకున్నప్పుడు, టెస్టోస్టెరోన్‌ని దించడానికి 10 చాలు. ప్రొలాక్టిన్ కూడా అంత పెరగదు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో రోజుకి 10 అనే రాశారు. అంటే దశాబ్దాల పాటు చాలాచోట్ల అవసరానికి అయిదు నుంచి పది రెట్లు మింగించారన్నమాట! ఒక సర్వర్‌కి సరిపోయే పనికి పది సర్వర్లు పెట్టి, బిల్లు ఎందుకింత వస్తోందని ఎవరూ అడగనట్టు. కాకపోతే ఇక్కడ బిల్లు మనిషి మెదడు కట్టింది.

ఆమె ప్రొలాక్టిన్ పరీక్ష కథ ఇంకోటి. ల్యాబ్‌లో కుర్రాడు చీటీ చూసి, కార్డు మీద పాత పేరు చూసి, "ఇది ఆడవాళ్ళకి చేసేది కదండీ" అన్నాట్ట. చేయించుకుంటే 48 వచ్చింది. ఎక్కువే. రాత్రంతా నిద్రపోలేదు, ఎమ్మారై రేట్లు చూస్తూ కూర్చుంది. పొద్దున డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "గ్యాస్ మాత్ర ఏమన్నా వేసుకుంటున్నావా?"

గుంటూరు జిల్లాలో ఈ ప్రశ్నకి "లేదు" అనేవాళ్ళు ఎంతమంది? మన కారానికి పరగడుపున ఒక గ్యాస్ మాత్ర అన్నది కాఫీ లాంటి అలవాటు. ఆ మాత్రల పేరు చివర "డి" అని ఉంటుంది చూడండి, చాలావాటిలో ఆ డి అంటే డోంపెరిడోన్. అది డోపమైన్ సీటు మీద కర్చీఫ్ వేస్తుంది. బ్రేక్ తీసేస్తే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. వాంతుల మందులు కొన్ని, మానసిక సమస్యలకి వాడే మందులు కొన్ని, థైరాయిడ్ తక్కువగా ఉండటం, ఆఖరికి సూది చూసి కంగారు పడినా పెరగొచ్చు. ప్రొలాక్టిన్ 200 దాటితే గడ్డ అనుమానం బలంగా ఉంటుంది, 48 అంటే ముందు ఇంట్లో మందుల డబ్బా చూడాలి. డాక్టర్ చెప్పినట్టు ఆమె ఆ గ్యాస్ మాత్ర ఆపి, మళ్ళీ చేయించుకుంటే 24. (మానసిక సమస్యకి వాడే మందులైతే మీ అంతట మీరు ఆపకండి. అది వేరే ప్రమాదం.)

పీసీఓడీ అమ్మాయిలకి ఇందులో ఒక మెలిక ఉంది. పీరియడ్స్ రాకపోవడానికి ప్రొలాక్టిన్ పెరగడం కూడా ఒక కారణం. అందుకే మాత్ర మొదలుపెట్టే ముందు ప్రొలాక్టిన్, థైరాయిడ్ చూడాలి. చూడకుండా మాత్ర ఇచ్చేస్తే నెలనెలా బ్లీడింగ్ వస్తుంది, "సెట్ అయింది" అనుకుంటాం. ఆ బ్లీడింగ్ మాత్ర ఆపిన ఏడు రోజుల వల్ల వచ్చేది. లోపల గడ్డ ఉంటే దాన్ని ఆ మాత్రే కప్పి పెడుతుంది. మానిటర్‌లో గ్రీన్ లైట్ వెలుగుతోంది గానీ ఆ లైట్‌కి సర్వర్‌తో కనెక్షనే లేదు.

అబ్బాయిలూ, జుట్టు కోసం మీరు ఆర్డర్ పెట్టే ఫినాస్టెరైడ్ గురించి అడుగుతారని తెలుసు. అది సీటు మీద కూర్చోదు, టెస్టోస్టెరోన్ ఇంకా బలమైన రూపంలోకి మారకుండా ఆపుతుంది. పైన చెప్పిన పరిశోధనలేవీ దాని గురించి కావు. దాని గొడవ వేరే: ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2025లో యూరప్ సంస్థ ఖరారు చేసింది. మనసు బాగోకపోతే బట్టతలని అనుమానించకండి, మాత్రని అనుమానించండి. ఇక సైప్రోటెరోన్‌కి బదులు వాడే స్పైరనోలాక్టోన్‌ని 2024లో ఫ్రాన్స్ వాళ్ళు పరీక్షిస్తే మెనింజియోమా ప్రమాదం పెరగలేదు. అదే అధ్యయనంలో ఏడాదికి మించి వాడితే ప్రమాదం పెరిగినట్టు కనిపించినవాటిలో మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది, అంటే మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో అంతర అనే పేరుతో ఉచితంగా ఇచ్చే మందే. అక్కడ కేసులు బాగా తక్కువ, 18,061 గడ్డల్లో 9 మంది. భయపడి మానెయ్యడానికి కాదు చెప్పేది. అంతర వేయించుకునే మీ వదినకి ఈ ముక్క ఎవరైనా చెప్పారా అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు నాకు నిజంగా మంటెత్తించే విషయం. ఫ్రాన్స్ వాళ్ళకి ఇది ఎలా దొరికింది? అక్కడ దాదాపు ప్రతి మనిషికీ ఆరోగ్య బీమా. ఏ షాపులో బీమా కింద ఏ మందు కొన్నా, ఏ ఆస్పత్రిలో ఏ ఆపరేషన్ అయినా ఒకే డేటాబేస్‌లోకి పోతుంది. పదేళ్ళ తర్వాత ఎవరో ఒక క్వెరీ రాసి ఆ మందుకీ ఈ గడ్డకీ ముడి ఉందా అని అడగ్గలిగారు. మన దగ్గర? కత్తెరతో స్ట్రిప్ కోసి కవర్‌లో వేసి ఇస్తారు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. బిల్లు అడిగితే "ఎందుకండీ" అంటారు. ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని పెట్టె మీద ఉంటుంది, పెట్టె మనం చూడం. ఆభా నంబరు నా దగ్గరా ఉంది, 14 అంకెలు. కోసిచ్చిన ఆ ఆరు మాత్రలు అందులోకి ఎప్పటికీ రావు. మన ఆడపిల్లల్లో, మన ట్రాన్స్ మహిళల్లో ఈ గడ్డలు ఎన్ని వస్తున్నాయో చెప్పే క్వెరీ రాయమంటే నేనే రాస్తా. డేటా ఏదీ?

మన మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది, 2019 నుంచి ఓపీ నడుస్తోంది. చుట్టూ పత్తి చేలనుంచి, మిరప కల్లాలనుంచి జనం అక్కడికే వస్తారు. హార్మోన్ మాత్ర వాడే ప్రతివాళ్ళ దగ్గరా ఎంత, ఎన్నాళ్ళు అని రెండు గడులు నింపితే పదేళ్ళలో మనకీ ఒక లెక్క ఉంటుంది.

ట్రాన్స్ మహిళలకి ఆ గడప దాకా వెళ్ళడమే కష్టం. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు, ట్రాన్స్ మనుషులే నడిపే క్లినిక్, దేశంలో మొదటిది. హార్మోన్ల గురించి సిగ్గుపడకుండా అడగ్గలిగే చోటు. 2025లో అమెరికా సాయం ఆగిపోవడంతో మూతపడింది. టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్ళీ తెరిచారు. ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. కృష్ణకి ఇవతల నాకు తెలిసిన అమ్మాయిలు ఇప్పటికీ సలహా కోసం అడిగేది ముందు వరసలో ఉన్న అక్కనే. సైప్రోటెరోన్ దొరక్కపోతే గర్భనిరోధక మాత్రలు రెండు మూడు కలిపి మింగేవాళ్ళున్నారు. ఆ లెక్క ఏ ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరా లేదు.

మందు వల్ల తేడా చేసిందనిపిస్తే మనమే చెప్పొచ్చు. డాక్టరే చెప్పాలని లేదు. కేంద్రం నడిపే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కి టోల్‌ఫ్రీ నంబరుంది: 1800-180-3024. మందు పేరు, మోతాదు, ఎప్పట్నుంచి, ఏమైంది అని అడుగుతారు.

ఆ నాలుగూ మన దగ్గర ఉండాలిగా. నా స్నేహితురాలు తన షీట్‌లోంచి తన వివరాలు తీసేసి, ఖాళీ కాపీ విజయవాడ అక్కలకి పంపింది. ఇప్పటికి ఏడుగురు నింపుతున్నారట. ఆరో కాలమ్ ఒకటి కొత్తగా చేర్చింది: గ్యాస్ మాత్ర.